చెలమ దగ్గర వెంకటగిరి చీర

అరవై రెండో సంవత్సరం వేసవి. బోగోలు దాటి సముద్రపు ఒడ్డున ఉన్న ఆ పల్లెలో మంచినీళ్ళ బావి లేదు. ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన ఉప్పునీళ్ళనే చిప్పతో తోడుకుంటారు. తీరమంతా తిరిగి మద్రాసు వారపత్రికకు ఫోటోలు పంపే క్రీస్తురాజు ఆ సంగతి విని కెమెరాతో వచ్చాడు. అధికార్లకు పల్లె దాహం పట్టదు గానీ, పత్రికలో బొమ్మ పడితే చెమటలు పడతాయి.

తీరా చూస్తే, ఫోటోకు నిలబడతానన్న ఆ పల్లె మాలకొండమ్మ వెంకటగిరి చీర కట్టి, తల నిండా కనకాంబరాలతో బిందె పట్టుకుని నిలబడి ఉంది.

"ఏందక్కా, పెళ్ళికి పోతన్నావా? చిరిగిన కోక కట్టుకోని రాపో. ఈ సోకు చూస్తే నీళ్ళ కరువని ఎవరు నమ్ముతారు?" అన్నాడు క్రీస్తురాజు.

"కోక చించుకుంటే నీళ్ళు తియ్యగవుతయ్యా అన్నా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

"ఆ పత్రిక పట్టుకోని కలెక్టరు ముందర నిలబడాల్సింది నేను. ఆనాడూ ఈ చీరే కడతా. బొమ్మలో ఒకతి, ఎదురుగా ఇంకొకతి ఉంటే, నీళ్ళ మాట గూడా అబద్ధమేనంటాడు."

క్రీస్తురాజుకు ఆ మాట నిజమే అనిపించింది. జాలి కోసం వేషం కట్టించడమూ మోసమే. అది బయటపడితే మునిగేది తను కాదు, ఈ పల్లె.

"సరే అక్కా, నీళ్ళు తోడు."

ఆమె కుచ్చిళ్ళు ఎగదోపి చెలమలోకి దిగింది. చిప్పెడు బురదనీళ్ళు కెమెరాకేసి ఎత్తి చూపింది.

"కలెక్టరు కాడికి పోయేనాడు నాకూ కబురు పెట్టండి" అన్నాడు మీట నొక్కుతూ. "ఓ చెంబుడు ఈ నీళ్ళు గూడా తీసకపోదాం. తాగి చూడమందాం."