రెండు పొట్టల కూజాలు

డమాస్కస్ కుమ్మరి వీధిలో గానిమ్ చేసే యాత్రికుల కూజాకు ఒకవైపు పొట్ట ఉంటుంది, రెండోవైపు బల్లపరుపుగా ఉండి ఒంటె డొక్కకు ఆనుతుంది. రెండు సగాలను రెండు అచ్చుల్లో ఒత్తి అతికిస్తాడు. ఆ ఏడాది పన్నెండు కూజాలిస్తే అతని తల్లి మస్ఊదాను హజ్‌కు తీసుకెళ్తానని ఒంటెల యజమాని బర్జస్ మాటిచ్చాడు. పదకొండేళ్లుగా ఆమె యాత్రికుల ఒంటెల బిడారును సాగనంపి ఇంటికి తిరిగొస్తోంది.

ఒత్తే పని మస్ఊదా తీసుకుంది. మక్కాకు ఏమేం కట్టుకెళ్లాలో చెబుతూ పొద్దుటి నుంచి పొట్ట అచ్చులోనే ఒత్తింది. గానిమ్ వింటూ అతికించాడు. చూసుకునేసరికి అన్ని కూజాలకూ రెండువైపులా పొట్టలే. మట్టి ఆరింది, మళ్లీ చేసేందుకు రోజుల్లేవు. అలాగే కాల్చాడు.

బయలుదేరే ఉదయం ఊరి ద్వారం బయట మస్ఊదా ఒంటెకు ఒక పక్క బుట్టలో కూర్చుంది. రెండో పక్క బుట్టలో ఉన్ని వర్తకుడి భార్య జుమురుద్. ఒంటె లేవగానే జుమురుద్ బుట్ట కిందికి దిగింది, మస్ఊదా బుట్ట పైకి లేచింది. బర్జస్ ఒంటెను కూర్చోబెట్టి తూకానికి రాళ్లు ఏరుతుండగా గానిమ్ కూజాలతో వచ్చాడు.

"ఏందయ్యా ఇవి?" అన్నాడు బర్జస్. " ఒంటెకు కట్టే కూజాలా, పిల్లలాడుకునే బంతులా? నాలుగడుగులకే కొట్టుకుని పగుల్తాయి. అవ్వా, దిగు!"

"దిగుతాలే," అంది మస్ఊదా. "ఆ రాళ్లెందుకు నాయనా? దాహమేస్తే తాగుతావా?"

"తూకానికి."

"అయితే నీళ్లు నింపి కూజాలే నా బుట్టలో పెట్టు. రెండు పొట్టలు, నీళ్లు ఎక్కువ పడతాయి. బుట్టలో నా పరుపుంది, దాని మీద కొట్టుకోవు."

"తాగేకొద్దీ బరువు తగ్గదా?"

"బావి రాగానే నింపుతావు. ఈలోపు ఈమె ఖర్జూరాలు తిని నేను బరువెక్కుతా."

"నా మూట మీద చెయ్యి పడిందో, విరుస్తా!" అంది జుమురుద్, నవ్వాపుకోలేక.

గానిమ్ పన్నెండూ నింపి, గడ్డి కుక్కి తల్లి చుట్టూ పేర్చాడు. ఒంటె లేచింది. బుట్టలు సమంగా నిలిచాయి. బర్జస్ చేతిలో రాయి పారేసి ముకుతాడు అందుకున్నాడు.

"గానిమ్, వచ్చే ఏటికి ఇలాంటివే ఇరవై నాలుగు చెయ్యి. ఈ రాళ్లు ఏరలేక చస్తున్నా."

"వాడికేం చాతనవుతుంది?" అంది మస్ఊదా పైనుంచి. "నేను పక్కనుండి మాట్లాడాలి!"