గోడ మీద ఎర్నా వాళ్ళమ్మ

ఎర్నా సంచిలో ఉన్ని మేజోళ్ళు పెడుతోంది. నేను వాటిని బయటికి తీసి మళ్ళీ మడత పెడుతున్నాను. ఎవరైనా ప్రయాణమవుతుంటే నా చేతులు ఊరుకోవు. దిండు, నల్లరొట్టె, జున్ను. జర్మనీ తిరిగి రమ్మని పిలిచిందని, మా రీగా ఊళ్ళోని జర్మన్లంతా ఆ నెలలో అక్కడికి ఓడలెక్కుతున్నారు. ఎర్నా కూడా బాబాయి కుటుంబంతో మూడింటికి ఎక్కాలి. మేమిద్దరం ఒకే కుట్టు దుకాణంలో పనిచేసేవాళ్ళం.

"పన్నెండే కదా అయింది. పద, అమ్మను వెతుకుదాం" అంది.

"ఇప్పుడా? మతి పోయిందా నీకు?"

"మరి రేపు వెతకనా, వెల్టా?"

ఎర్నా పుట్టిన ఏడే వాళ్ళమ్మ పోయింది. ఆమె మా లాట్వియా మనిషి, నాన్న జర్మన్. ఒక్క ఫోటో కూడా మిగల్లేదు. ఆయన మేడల ముందరి గోడలకు అలంకారంగా బొమ్మ ముఖాలు అచ్చు పోసేవాడు. "పెళ్ళి మర్నాడు మీ అమ్మను కూర్చోబెట్టి ఒకటి చేశాను. గడ్డంలో నొక్కు అచ్చం నీదే. ఏ వీధో చెప్పను, తలెత్తి నడువు" అని నవ్వేవాడు. కిందటి చలికాలం నిద్రలోనే పోయాడు.

తలెత్తి నడిచాం. నడిచామా, పరుగెత్తామా! ఆల్బెర్టా వీధిలో సింహాలు, నెమళ్ళు, పాముల జుట్టు ఆడవాళ్ళు. ఒక ముఖం నోరు తెరిచి అరుస్తోంది.

"మనం ఆలస్యంగా వెళ్తే దుకాణంలో మేస్త్రమ్మ ఇలాగే ఉంటుంది కదే!" అంది ఎర్నా.

పెళ్ళికూతురంటే పూలకిరీటమే కదా అని, కిరీటం ఉన్న ప్రతి అందగత్తె గడ్డమూ చూశాం. నొక్కు లేదు. గడియారం ఒంటిగంటన్నర కొట్టింది.

మెట్లు ఊడుస్తున్న కాపలా ముసలమ్మ చీపురు ఆపింది. "మెడలు పట్టేస్తాయే పిల్లల్లారా! ఎవరి కోసం?"

ఎర్నా గబగబా అంతా చెప్పింది.

ముసలమ్మ పకపకా నవ్వింది. "పెళ్ళి మర్నాడు కిరీటమెక్కడిదే? మనవాళ్ళు పెళ్ళిరాత్రే అది తీసేసి తలగుడ్డ కట్టరూ? మీ ఇద్దరికీ పెళ్ళి కాలేదని వీధంతా చాటుతున్నారు!"

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. రెండు వీధుల వెనక, తలగుడ్డ కట్టుకున్న బొమ్మను చూసి "పాలమ్మే అవ్వ" అని నవ్వుకుంటూ దాటి వచ్చేశాం!

వెనక్కి పరుగు. టోపీ ఎగిరిపోతే ఎర్నా ఆగను కూడా ఆగలేదు, నేనే ఏరుకొచ్చాను.

మూడో అంతస్తు కిటికీల మధ్య, ఒకే అచ్చులోంచి తీసిన అయిదు ముఖాలు. అవ్వ కాదు. ఇరవై ఏళ్ళ పిల్ల, నవ్వు ఆపుకుంటోంది. అయిదు గడ్డాల్లోనూ నొక్కు.

"అమ్మా!" అని అరిచింది ఎర్నా. "అమ్మా! అమ్మా!"

పైన కిటికీ తెరుచుకుంది. "ఎవరమ్మాయివే నువ్వు?" అంది ఒకావిడ.

"మీ గోడమీదావిడ కూతుర్నండీ!"

నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాం. రేవుకి ఎలా చేరామో తెలియదు. ఓడ మెట్ల మీంచి ఎర్నా కేకేసింది. "వేసవికి కెమెరా తెస్తాను, నువ్వు నిచ్చెన పట్టుకోవాలి!"

ఎర్నా 1939 నవంబరు 18న వెళ్ళింది. తిరిగి రాలేదు.