ప్రార్థనకు ముందొక కీర్తన

ఎస్టిల్ గొంతెత్తితే కొండ అవతల పొలాల్లో కంచరగాడిదలు నాగలి ఆపేసి చెవులు రిక్కించేవట. ఈ మాట ఎస్టిల్ చుట్టాలు చెబితే నమ్మక్కర్లేదు గాని, గాడిదలు నిలబడిపోయి పని చెడిందని తిట్టుకున్న రైతులే చెప్పారు.

తూర్పు కెంటకీ కొండల్లో, ఒక వాగు వెంబడి ఉన్న చర్చి సంఘాలన్నిటికీ నలభై ఏళ్ళు అతనే కీర్తనలు ఎత్తి ఇచ్చాడు. అక్కడ పాటల పుస్తకం ఒక్కడి చేతిలోనే ఉంటుంది. అందులోనూ మాటలే తప్ప రాగాలు రాసి ఉండవు. ఆ ఒక్కడూ ఒక పంక్తిని గబగబా అందిస్తాడు. మిగిలినవాళ్ళు దాన్నే అందుకుని, చలికాలపు తేనె సీసాలోంచి దిగినంత తాపీగా సాగదీసి పాడతారు. తాళం లేదు, వాద్యం లేదు. వాద్యం సంఘంలోకి రాకూడదన్నది తాతల నాటి కట్టు.

అయితే కీర్తనలకిచ్చిన ఛాతీనే ఎస్టిల్ ముప్పై ఏళ్ళు బొగ్గుగనికీ ఇచ్చాడు. డెబ్బై రెండో ఏట డాక్టరు ఎక్స్‌రే ఎత్తి చూపిస్తే, "ఈ బొగ్గుతో బడి పొయ్యి ఒక చలికాలమంతా మండుద్ది. తవ్వుకోడానికి పర్మిట్టుందా మీకు?" అన్నాడు. డాక్టరు నవ్వలేదు.

భార్య అర్మిల్డా పోయేముందు అడిగింది ఒక్కటే. "నా కూటంలో కీర్తన నువ్వే ఎత్తు. ఆ ఎలైహూకి మాత్రం వదలకు, ముక్కుతో పాడతాడు." ఏటా జూన్‌లో కొండ మీది సమాధుల తోటలో, పోయినవాళ్ళ జ్ఞాపకార్థం కూటం పెడతారు. నిరుడు ఎస్టిల్ లేచి నిలబడ్డాడు. మొదటి పంక్తి సగంలోనే దగ్గు తెర కమ్మి కూలబడ్డాడు. తక్కిన కీర్తనంతా సంఘ పెద్ద ఎలైహూ, ముక్కుతోనే, పూర్తిచేశాడు. ఆ రాత్రి ఎస్టిల్ అన్నం ముట్టలేదు.

ఆ మరుసటి మంగళవారమే వెళ్ళి ఊరి లైబ్రరీలో డల్సిమర్ క్లాసులో చేరాడు. సన్న నడుం చెక్కపెట్టె, మూడు తీగలు. ఒళ్ళో పడుకోబెట్టుకుని ఒక తీగ మీద పుల్లను జరుపుతూ, కుడిచేత్తో టర్కీకోడి ఈకతో మీటాలి. తక్కిన రెండు తీగలూ ఎప్పుడూ ఒకే శ్రుతి మోగుతుంటాయి, కూటంలో వెనక బెంచీల ముసలమ్మల్లాగా. ఊపిరితో పనిలేదు. అదే ఎస్టిల్‌కి నచ్చింది.

పాఠం చెప్పే ట్రెన్నా మాత్రం కాలితో తాళం వెయ్యమనేది.

"ఈ పాటకు కాళ్ళు లేవమ్మా, ఇది పాకుతుంది," అనేవాడు ఎస్టిల్.

చలికాలమంతా వరండాలో పొయ్యి పక్కన కూర్చుని సాధన చేశాడు. పుల్లను ఎత్తకుండా మెల్లగా జార్చితే, స్వరానికీ స్వరానికీ మధ్య మనిషి గొంతులోని వణుకు పలుకుతోందని జనవరిలో ఒకరోజు కనిపెట్టాడు. ఆ రోజు తనలో తనే చాలాసేపు నవ్వుకున్నాడు.

పక్కింట్లో ఉండే మరదలు వెర్నా, అర్మిల్డా చెల్లెలు, కంచె మీంచి తొంగిచూసింది.

"బావా, ఆ పెట్టెలో పిల్లి గానీ ఈనుతోందా?"

"కాదు, మీ అక్క కీర్తన."

వెర్నా కంచెకి దగ్గరగా వచ్చి, "కూటంలో వాయిస్తానంటే ఎలైహూ ఒప్పుకుంటాడా?" అంది.

ఎస్టిల్ వెళ్ళి అడిగాడు. ఎలైహూ చిన్నప్పుడు అతనితో కలిసి ఆపిల్ పళ్ళు దొంగిలించినవాడే. ఇప్పుడు సంఘానికి పెద్ద కాబట్టి గడ్డం నిమురుకున్నాడు.

"ప్రార్థన మొదలెడితే చెట్టు కింద కూడా సంఘమేరా. మొదలెట్టాక ఆ పెట్టె నా కంట పడకూడదు."

"మొదలెట్టక ముందో?"

"నాకు ఎడమ చెవి వినపడదు."

"నేను నిలబడింది కుడి పక్కరా!"

"అయితే ఇవాళ కుడిదీ వినపట్టంలేదు," అని లోపలికి పోయాడు ఎలైహూ.

జూన్‌లో కూటం నాడు అందరూ కొండెక్కారు. చికెన్ వేపుళ్ళు, చిక్కుడు గింజల కూర, ఆపిల్ కేకులు దుప్పట్ల మీద పెట్టి సమాధుల చుట్టూ చేరారు. ఎలైహూ ముందుకొచ్చి, ప్రార్థనకని టోపీ తీశాడు. తీసి, బూటు లేసు ఊడిందని వంగాడు.

ఎస్టిల్ అర్మిల్డా సమాధి పక్కన కుర్చీ వేసుకుని, పెట్టె ఒళ్ళో పెట్టుకుని మొదటి పంక్తి మీటాడు. ఏడాది సాధన. ఒక్క స్వరం తప్పలేదు.

అందరికీ రాగం తెలుసు. అందరూ ఒక్కసారి అందుకున్నారు. అక్కడే వచ్చింది చిక్కు. ఆ రాగానికి పుస్తకంలో పాతిక కీర్తనలున్నాయి. వెర్నా "బరువు దించుకో బాటసారీ" అంది. వెనక వరసవాళ్ళు "గొర్రెపిల్ల పిలిచెను" అన్నారు. మూడోవైపు నుంచి ఒక ముసలాయన బాప్తిస్మం కీర్తన ఎత్తుకుని పాటలోనే నదిలోకి దిగిపోయాడు. మూడు పాటలూ ఒకదాని కాళ్ళలో ఒకటి పడి బొక్కబోర్లా పడ్డాయి.

నలభై ఏళ్ళు పంక్తులందించినవాడు, పంక్తి అందించడమంటే మాట అందించడమేనన్న సంగతే మరిచాడు. పెట్టెకి మాటలెక్కడివి?

"బావా!" అంది వెర్నా, నవ్వాపుకోలేక. "ఏ కీర్తనో చెప్పి చావు!"

ఎస్టిల్ ఎలైహూ వైపు చూశాడు. అతను ఒక లేసు ముగించి రెండోది విప్పుతున్నాడు.

ఎస్టిల్ ఊపిరి కూడదీసుకున్నాడు. పాడలేదు. మామూలుగా, దగ్గరివాళ్ళకి వినపడేంత మెల్లగా, మాటలు చెప్పాడు.

"ఏటి అవతల తెల్లవారెను."

పంక్తి అంతవరకే. ఊపిరీ అంతకే సరిపోయింది. వెర్నా ఆ మాటల్ని వెనక్కి అందించింది. ఎస్టిల్ మీటాడు. జనం అందుకున్నారు. ఆ మూడు మాటల్నీ కొండ పొడుగునా లాగి లాగి పాడారు. వాళ్ళు పాడుతున్నంతసేపూ ఎస్టిల్ ఊరికే కూర్చున్నాడు. ఛాతీ మెల్లమెల్లగా నిండింది. పంక్తికీ పంక్తికీ మధ్య ఇంత తీరిక ఉందని నలభై ఏళ్ళలో అతను చూసుకోలేదు. ఎందుకంటే తను ఎప్పుడూ వాళ్ళ పాట కూడా తనే పాడేవాడు, వాళ్ళకి చేతకాదన్నట్టు.

"నా తల్లి దీపము ఆర్పివేసెను."

వెర్నా అందించింది. పుల్ల జారింది. జనం పాడారు. ఈసారి అతను విన్నాడు. నిరుడు ముక్కుతో పాడాడని పడుకోకుండా తిట్టుకున్న గొంతు కూడా అందులో ఉంది, బూటు దగ్గర్నుంచే.

ఆఖరి పంక్తి చెప్పాక ఎస్టిల్ ఈక ఎత్తలేదు. తీగల మీద అరచెయ్యి పరిచి మూసేశాడు. రాగం ఎక్కడికి వెళ్ళాలో వాళ్ళకి తెలుసు. అది అర్మిల్డా రాతి మీదుగా, కేకుల మీదుగా, లోయలోకి దిగిపోయింది.

ఎలైహూ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.

"ఇహ ప్రార్థన చేద్దాం," అన్నాడు. కళ్ళు తుడుచుకుని, ఎస్టిల్ కేసి చూడకుండానే, "లేసులు పాతవైపోయాయి," అన్నాడు.

ఎస్టిల్ డల్సిమర్‌ని కుర్చీ కిందికి తోసి, తల వంచాడు.