మేకుకు వేలాడే అయస్కాంతం

సోఫాలు కుట్టే ఆ షెడ్డులో ఒకటే కట్టుబాటు. సూది పోతే, పోయిందని పైకి చెప్పాలి. చెప్పిన మరుక్షణం మిషన్లు ఆగుతాయి, అందరూ చేతిలో పని వదిలేసి వెతుకుతారు, పోగొట్టిన మనిషిని ఎవరూ పల్లెత్తు మాట అనరు. చెప్పకుండా కుషన్ మూసేసిన మనిషికి మాత్రం అక్కడ మంచినీళ్లు కూడా పుట్టవు. ఎవరింట్లోనో ఎవరో నడుం వాల్చినప్పుడు ఒంట్లో దిగుతుంది ఆ సూది. అందుకే తలుపు పక్కన మేకుకు ఒక అయస్కాంతం వేలాడుతూ ఉంటుంది. కుట్టు పూర్తయిన కుషన్ మీద దాన్ని రాసి చూశాకే బండికి ఎక్కిస్తారు.

ఒక్క సూదక్క కుట్టిన వాటిని తప్ప. కుషన్ నోరు మూసే ఆఖరి కుట్టు ఆమెది. సూది పోయిందని ఆమె ఎన్నోసార్లు చెప్పింది గాని, చెప్పకుండా ఒక్కటీ మూయలేదు. చెక్క చట్రాలు చేసే మేస్త్రి పనిలో చేరిన కొత్తలోనే, "ఆవిడ కుట్టినదానికి అయస్కాంతం ఎందుకు? ఆవిడ మాట చాలదూ" అని ఆ తనిఖీ మాన్పించాడు. ఆ మాటకే పడిపోయింది సూదక్క. నలభై దాటాక పడితే లేవడం కష్టమని తెలిసీ పడింది.

ఆయన భార్య పోయిన మనిషి. ఈమె మొగుడు వదిలేసిన మనిషి. కాదనేవాళ్లు ఎవరూ లేరు. దూది కూరే పిన్ని అయితే, "ఇద్దరూ ఒకింట్లో ఉంటే వంట ఒక్కసారే అవుతుంది కదే, గ్యాసు మిగులుతుంది" అని దీవించింది కూడా.

అడ్డు ఉన్నదల్లా సూదక్క ఒంట్లోనే ఉంది. మొగుడు అంటించి పోయిన జబ్బు. మర్మస్థానంలో నీటిపొక్కులు లేచి, చితికి పుండ్లవుతాయి. కొన్నాళ్లకు మానిపోతాయి, ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు మళ్లీ వస్తాయి. హెర్పిస్ అంది డాక్టరమ్మ. "ఇది పోయే జబ్బు కాదమ్మా, లొంగే జబ్బు. రోజూ మాత్ర వేసుకో. పుండ్లున్నప్పుడు దూరంగా ఉండు, మిగతా రోజుల్లో కండోమ్ వాడండి. పైకి ఏమీ లేనప్పుడు కూడా అంటుకోవచ్చు. ఎవరినైనా తోడు చూసుకుంటే ముందే చెప్పెయ్, సగం బరువు దిగుతుంది" అంది.

చెబితే ఏం దిగుతుందో సూదక్కకు తెలుసు. అంటించినవాడే "దీనివల్లే వచ్చింది" అని ఊరంతా టముకు వేశాడు. అప్పుడు తలదాచుకోవడానికి వెళితే, తోడబుట్టిన అక్క ఈమె తిన్న కంచం వేరే కడిగింది, కూర్చున్న కుర్చీ తుడిచింది. కంచం వల్ల అంటదే అని చెప్పబోతే, "పిల్లలున్న ఇల్లు, ఏమీ అనుకోకు" అంది. తోడబుట్టిందే అలా తుడిచేస్తే, నిన్నగాక మొన్న వచ్చిన మేస్త్రి ఏం చేస్తాడు? సూదక్క ఆలోచన తప్పంటే అనండి గాని, ఆ కుర్చీలో మీరు కూర్చోలేదు.

కాబట్టి చెప్పలేదు. చెప్పకుండానే నెగ్గుకురావాలని చూసింది. పొక్కులు లేచే ముందు తొడలో జివ్వుమంటుంది. ఆ పూట నుంచి "నడుం పట్టేసింది" అనేది. మేస్త్రి, పాపం, నీళ్లు కాచి రబ్బరు సంచీలో పోసి తెచ్చేవాడు. నొప్పి లేని నడుముకు కాపడం పెట్టించుకుని కళ్లు మూసుకునేది. మాత్రలు దారపు ఉండల డబ్బాలో అడుగున దాచింది. ఒకింట్లోకి మారాక ఆ డబ్బా ఎప్పుడు తీసినా "ఇప్పుడేం కుడతావు?" అని ఆయన అడగడం, ఈమె అబద్ధం వెతుక్కోవడం. చివరికి మాత్రలే మానేసింది. జివ్వుమంటే తెలుస్తుంది కదా అనుకుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, డాక్టరమ్మ చెప్పినదాంట్లో తనకు కావలసినంతే విన్నది.

ఒకనాడు మేస్త్రి అడిగాడు. "పిల్లల ఈడు దాటిపోయింది, ఇంకా ఆ కండోములెందుకు మనకి? నామీద నమ్మకం లేదా?"

చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. సూదక్క మింగలేక కక్కలేక, "మీ ఇష్టం" అంది. గోటితో పోయేది గొడ్డలిదాకా వెళ్లింది ఆ మాటతోనే.

కొన్నాళ్లకు మేస్త్రి జ్వరమని పని మానేశాడు. స్నానాలగదిలోంచి పళ్లు బిగబట్టి మూలగడం ఆమెకు వినిపించింది. ఆ మంట తనకు తెలుసు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని పాలు కాచి ఇచ్చింది. "నువ్వు రావద్దు" అని ఆస్పత్రికి ఆయన ఒక్కడే వెళ్లాడు.

వచ్చి వంటింటి గడప దగ్గర చతికిలబడ్డాడు.

"సూది పోయింది" అన్నాడు. "నా దగ్గరే పోయింది. మా ఆవిడ పోయాక కొన్నాళ్లు నా బుద్ధి గడ్డి తింది. పోకూడని చోటికి పోయాను. అప్పటిది ఒంట్లో దాక్కుని ఇప్పుడు బయటపడి ఉండొచ్చన్నాడు డాక్టరు. ఏళ్ల తరబడి తెలియదట. నీకూ అంటించే ఉంటాను. నీ నడుం నొప్పి కూడా అదేనేమో, పాపిష్టివాణ్ణి. రేపు నువ్వూ చూపించుకో. తిట్టు, కొట్టు, పొమ్మంటే పోతాను. చెప్పకుండా మాత్రం ఉండలేను."

అని, చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు.

సూదక్క ఊరుకుంటే చాలు. ఒక్క మాట అనక్కర్లేదు. జబ్బు ఆయనదవుతుంది, క్షమించిన పుణ్యం ఈమెదవుతుంది, మాత్రలు దర్జాగా అలమారలో పెట్టుకోవచ్చు. అంత తేలిక. ఆ తేలిక చూసే ఆమెకు భయం వేసింది. మొగుడు తనమీదకు నెట్టిపోయింది ఇదే కదా.

లేచి వెళ్లి దారం డబ్బా తెచ్చింది. ఉండలన్నీ నేలమీద పోసి, అడుగునున్న మాత్రల అట్ట తీసి ఆయన ముందు పెట్టింది.

"మీది కాదు, నాది. మిమ్మల్ని చూడకముందు నుంచీ ఉంది."

ఆయన అట్ట చేతిలోకి తీసుకోలేదు. "తెలుసా నీకు?"

"తెలుసు."

"నేను కండోములెందుకు అన్నప్పుడు కూడా?"

"తెలుసు."

"ఆ వేడినీళ్లు..." అని ఆగిపోయాడు. మళ్లీ అడిగాడు. "చెబితే నేనేం చేస్తాననుకున్నావు?"

"నా కంచం వేరే కడుగుతారనుకున్నాను."

"కడిగేవాణ్ణో లేదో ఇప్పుడెలా తెలుస్తుంది?" అన్నాడు మేస్త్రి.

ఆయన అరవలేదు, ఇల్లు వదిలిపోలేదు, ఎవరికీ చెప్పలేదు. పుండ్లు మానాయి. రెండు కంచాలూ కలిపే కడుగుతున్నాడు. పొద్దున్నే ఇద్దరూ చెరో మాత్ర వేసుకుంటున్నారు. గండం గడిచిందనుకుంది సూదక్క. అనుకోవాలని ఉంది కాబట్టి అనుకుంది.

మేస్త్రి మళ్లీ పనిలోకి వచ్చిన రోజు, సూదక్క ఒక కుషన్ మూసి, దారం తెంపి పక్కన పెట్టింది. బండివాడు అలవాటుగా దాన్ని భుజానికెత్తబోయాడు.

"ఆగు" అన్నాడు మేస్త్రి. ఉలి కింద పెట్టి తలుపు దగ్గరికి నడిచాడు. మేకు నుంచి అయస్కాంతం తీసి, ఆ కుషన్ మీద ఈ కొస నుంచి ఆ కొసకి రాశాడు. తిరగేసి రెండో వైపూ రాశాడు.

దూది కూరుతున్న పిన్ని చేతులు ఆగాయి. "అదేమిటయ్యా, ఆవిడ కుట్టినదానికా?"

"ఎవరిదైనా చూడాలి కదా పిన్నీ" అన్నాడు మేస్త్రి. ఆ గొంతులో కోపం కూడా లేదు.

సూదక్క తలెత్తలేదు. ఇంకో కుషన్ ముందుకు లాక్కుని, దాని నోరు మూసి, దారం తెంపి, తనే ఆయన చేతికి అందించింది.