ఏ చెయ్యి ముందు?

ఆస్పత్రి గుమ్మంలోనే డాక్టరమ్మ నిలువెత్తు బొమ్మ పెట్టారు. దాని కింద ఆమె డిగ్రీలు, చదివిన పెద్ద కాలేజీలు, వణుకు జబ్బుల్లో ఆమె అనుభవం, అన్నీ రంగురంగుల అక్షరాల్లో ఏకరువు పెట్టారు. మెదడులో తీగ అమర్చి వణుకు తగ్గించే ఆపరేషన్ రేపు అక్కడ మొదటిసారి జరగబోతోంది. ఆమె సంతకం ఒక్కటే తరువాయి.

ఆ బొమ్మను చూస్తే ఆమెకు ఒళ్లు మండింది. ఆమె నిజంగా నేర్చుకున్నదేదీ అందులో లేదు. శిక్షణ మొదట్లో గురువుగారు ఆమెను వరండాలో స్టూలు మీద కూర్చోబెట్టి, నెలల తరబడి వచ్చేపోయేవాళ్ల నడక తప్ప ఇంకేమీ చూడనివ్వలేదు. ఇక్కడేమో టైము కలిసొస్తుందని రోగులందర్నీ చక్రాల కుర్చీలో తోసుకొస్తారు.

రేపు ఆపరేషన్ చేయించుకోబోయే టైలరునీ అలాగే తోసుకొచ్చారు. వెనకే భార్య, చేతిలో మందుల సంచి.

"లేచి నడవండి," అంది డాక్టరమ్మ.

"రిపోర్టులన్నీ ఉన్నాయి కదా మేడమ్," అన్నాడు పక్కనే నిలబడ్డ ఆస్పత్రి డైరెక్టరు.

"రిపోర్టులు నడవవు సార్."

టైలరు అడుగులో అడుగేసుకుంటూ నడిచాడు. రెండు చేతులూ ఒక్కలాగే బిగుసుకుపోయి, ఒక్కలాగే వణుకుతున్నాయి.

"ముందు ఏ చెయ్యి మొదలైంది?"

"రెండూ ఒకేసారి డాక్టరమ్మా. ఈ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

రిపోర్టుల్లో వీళ్లు రాసిన వణుకు జబ్బు చాలామందిలో ఒక పక్కనే మొదలవుతుంది. డాక్టరమ్మ సంచి బోర్లించమంది. వణుక్కి ఇచ్చిన మాత్రల మధ్య, కళ్లు తిరగకుండా వాడే మాత్ర ఒకటి కనిపించింది. ఎక్కువ కాలం మింగితే కొందరికి అదే ఇలాంటి వణుకు తెచ్చిపెడుతుంది.

"ఇదెప్పట్నించి?"

"వణుకు రాకముందు నించీ అమ్మా," అంది భార్య, డైరెక్టరు వైపు చూస్తూ. "ఈ డైరెక్టరు గారే రాశారు. మానొద్దన్నారు."

పెద్దాయన రాసిన మందు కదా అని కింది డాక్టర్లెవరూ దాని జోలికి పోలేదు. పైగా మాత్ర మీద మాత్ర వేయించారు. ఇప్పుడు ఏకంగా తలకే ఎసరు పెట్టారు.

"రేపు పేపరువాళ్లొస్తున్నారు మేడమ్," అన్నాడు డైరెక్టరు గొంతు తగ్గించి.

"రానివ్వండి, ఈ మాత్ర చూపిస్తా!" ఆమె గొంతు వరండా దాకా వినిపించింది. "మనిషి తలకి చిల్లు పెట్టేముందు ఒక్క మాట అడగడానికి ఇంతమందిలో ఎవరికీ నోరు రాలేదా? మీకూ మీ ఆపరేషనుకూ ఓ దణ్ణం. ముందు ఆ బొమ్మ పీకించండి."

డైరెక్టరు మొహం మాడ్చుకుని బయటికి నడిచాడు. ఆమె టైలరు పక్కన కూర్చుంది. "ఈ మాత్ర ఇవాళే ఆపేద్దాం. వణుకు మెల్లగా తగ్గొచ్చు, పూర్తిగా పోవచ్చు కూడా. మాటివ్వలేను. ఆపరేషన్ మాత్రం వద్దు."

భార్య బావురుమంది. టైలరు తన చేతులకేసి చూసుకున్నాడు.

"ఇక నా పనైపోయిందని మిషను అమ్మేశాను," అన్నాడు. "మా నాన్నిచ్చిన కత్తెర కూడా ఈ చేతుల్తోనే మిషను కొన్నవాళ్లకిచ్చేశాను. పోయి అడిగి తెస్తాడా ఆ పెద్దాయన?"