ఉమ్మి కాదమ్మా, కఫం

పొద్దున్నే ల్యాబ్‌లో ఆమె అరిచే మాట ఒకటే. "ఉమ్మి కాదమ్మా, కఫం. లోపల్నించి దగ్గి తియ్యాలి." డబ్బా అందుకున్నవాళ్ళు బుద్ధిగా తలూపి, గోడ చాటుకు వెళ్ళి, నోట్లో ఉన్నదేదో ఉమ్మి తెచ్చేవాళ్ళు. ఆమె విసుక్కుని మళ్ళీ పంపేది.

అంతమందికి చెప్పిన మనిషికే క్షయ అంటుకుంది. రెండు నెలలుగా మాత్రలు మింగుతూ, ముందు గదిలో ఒంటరిగా పడుకుంటోంది. మూడేళ్ళ కూతురు పిచ్చుక, లోపల అత్తగారి దగ్గరే ఉంటోంది. కిటికీ ఊచలు పట్టుకుని "అమ్మా, ఎత్తుకో" అంటుంది. ఆ పిల్ల ఒంటి వెచ్చదనం కోసం ఆమె ప్రాణం కొట్టుకులాడుతోంది. ఎవరూ చూడకుండా దిండును భుజాన వేసుకుని జోకొట్టింది కూడా.

ఈ క్రిమి టక్కరితనం ఆమెకు తెలియనిదా? ఒంట్లో కాపలా కణం దాన్ని చూడగానే మింగేస్తుంది. మామూలు క్రిమి అయితే అక్కడే అరిగిపోవాలి. ఇది ఆ అరుగుదలనే ఆపేసి, మింగినవాడి పొట్టలోనే పక్క వేసుకుంటుంది. మిగతా కాపలావాళ్ళు బయట వెతుకుతూ ఉంటారు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు మరి.

ఆవేళ ఆమెకే పరీక్ష. కఫంలో క్రిమి కనబడకపోతే పాపను ఎత్తుకోవచ్చన్నాడు డాక్టరు. ఛాతీలో గరగరగా ఉంది, దగ్గితే వచ్చేస్తుంది. దగ్గలేదు. ఏ పనికి అందరినీ తిట్టేదో అదే తానూ చేసి, ఉమ్మి ఉన్న డబ్బాకు మూత పెట్టింది.

స్లైడు పూసేది ఆమె, చూసేది ల్యాబ్ పెద్దాయన. ఏళ్ళనాటి అలవాటు. ఆవేళ తన స్లైడు కూడా తనే పూసి ఇచ్చింది. డబ్బాలోకి ఆయన తొంగి కూడా చూడలేదు.

"ఒక్కటీ లేదు తల్లీ. వెళ్ళి నా మనవరాల్ని ఎత్తుకో."

కాళ్ళు నేల మీద ఆనకుండా ఇల్లు చేరింది. అత్తగారు నవ్వుతూ తలుపు తీసింది. "వెళ్ళవే పిచ్చుకా, మీ అమ్మకి నయమైపోయింది."

పిల్ల పరుగెత్తుకొచ్చింది. ఆమె వంగింది. చిన్న చేతులు మెడను తాకబోతుండగా దగ్గు తన్నుకొచ్చింది. నోరు మూసుకుని, వెనక్కి వెనక్కి నడిచి, గదిలో దూరి గడియ పెట్టుకుంది.

"ఏంటమ్మా, ఏమైంది?"

"నయమైందో లేదో తెలీదత్తయ్యా. పరీక్షలో మోసం చేశాను. పాపని లోపలికి తీసుకెళ్ళండి."

తలుపు అవతల చిన్న గొంతు ఒకటి పలికింది.

"అమ్మా, చేతులు కడుక్కున్నాను. సబ్బుతో."