నీళ్ళ పైకి చాపిన చెయ్యి

సంచిలో రెండు చీరలు, దువ్వెన, డాక్టరు కాగితాలు సర్దాను. మంచం మీద కూర్చుని చూస్తున్న చెల్లి, "పుస్తకాలు పెట్టవా అక్కా?" అంది.

"ఆపరేషన్‌కి వెళ్తున్నావే పిట్టా, పరీక్షలకి కాదు."

"కోసేవాళ్ళు కోస్తారు. అప్పటిదాకా నేనేం చెయ్యాలి, గోళ్ళు గిల్లుకోనా?"

తనకిష్టమైన నవల ఐదు భాగాలూ కుక్కాను. జిప్పు పడక ఒక చీర తీసేశాను.

మేమిద్దరం బైండింగ్ షాపులో పనిచేసేవాళ్ళం. అచ్చయి వచ్చిన పెద్ద కాగితం మడిస్తే పదహారు పేజీలవుతుంది. దాన్నే ఫారం అంటాం. బడి గడప తొక్కని నేను ఆ ఫారాలు మడుస్తూనే చదవడం నేర్చుకున్నాను. పోయిన తన నీడని వెతుక్కుంటూ సముద్రం అడుగుకి దిగిన పిల్ల కథ ఆ నవల. నేను పైకి చదివేదాన్ని, చెల్లి వింటూ కుట్టేది. ఫారం చివర వాక్యం సగంలో తెగిపోయేది. తర్వాతిది ప్రెస్సు నుంచి వచ్చేదాకా ఇద్దరికీ అన్నం సయించేది కాదు. ఆరో భాగంతో అయిపోతుందన్నారు. రాసే ఆయన ఇంకా మొదలే పెట్టలేదట.

గుమ్మం దగ్గర చెల్లి నా చెయ్యి పట్టుకుంది. "ఆ పిల్ల పైకొస్తుందా అక్కా?"

"నాకేం తెలుసే?"

"తెలీకపోతే నువ్వే రాయి. ఆయన ఎప్పుడు రాస్తాడో, నేను ఎప్పటిదాకా ఉంటానో."

"నోర్ముయ్! సంతకం పెట్టాలంటేనే నాకు చెమటలు పడతాయి."

"కథకి సంతకం అక్కర్లేదులే."

పట్నం ఆస్పత్రిలో పక్కన ఒక్కరినే ఉండనిస్తారని చెల్లి మొగుడు, మా మరిది వెళ్ళాడు. నేను షాపుకి పోయి, అచ్చుపడని పెద్ద కాగితం మీద రాయడం మొదలుపెట్టాను. పిల్ల రాదని రాస్తే చెల్లికి ఏమవుతుందోనని భయం. సులువుగా వచ్చేసిందని రాస్తే చెల్లి నమ్మదు, అబద్ధాన్ని ఆమడ దూరంలోనే పసిగడుతుంది. అందుకే ఆ పిల్లని నానా తిప్పలూ పెట్టాను. ఫారం నిండగానే మడిచి, కుట్టి, పట్నం బస్సు డ్రైవరు చేతికిచ్చాను.

మర్నాడు మరిది ఫోన్ చేశాడు. "వదినా, మీ చెల్లెలు నన్ను నమిలేస్తోంది, మాట్లాడండి."

"ఏంటక్కా ఇది? 'చెయ్యి నీళ్ళ పైకి చాపి' అని ఆపేశావు! చాపి ఏం చేసింది?"

"పదహారు పేజీలూ అయిపోయాయే."

అవతల చెల్లి దగ్గొచ్చేదాకా నవ్వింది. "కథ అయిపోతే ఆపుతారుగానీ కాగితం అయిపోతే ఆపుతారా!"

నాకు తెలిసిన కథలన్నీ అక్కడే ఆగేవి. మరోలా ఉంటుందని తోచనే లేదు.

"ఇప్పుడే చెప్తా, విను..."

"వద్దు! రాసి పంపు. చదివాకే లోపలికెళ్తా. రేపు పొద్దున్నే ఆపరేషన్."

వెంటనే రెండో ఫారం రాశాను. పిల్లని ఒడ్డుకి లాగాను, కాళ్ళ దగ్గర దాని నీడని పరిచాను. సిరా ఆరకుండానే పరిగెత్తాను. కదిలిపోతున్న సాయంత్రం బస్సుని అరచేత్తో బాదితే డ్రైవరు తిట్టుకుంటూ అందుకున్నాడు.

బస్సు దారిలో చెడిపోయింది. మరిది కాగితం అందుకునేసరికి చెల్లిని లోపలికి తీసుకెళ్ళిపోయారు. లేచాక చదువుకుంటుందిలే అన్నాడు. ఒడ్డుకొచ్చిన పిల్ల ఇల్లు చేరాలి కదా అని నేను మూడో ఫారం మొదలుపెట్టాను.

మా చెల్లి మంగళవారం పొద్దున ఆపరేషన్ గదిలోకి వెళ్ళింది. తిరిగి రాలేదు.